బెత్తెడు పలచన

నేను ఒక గుడ్డముక్కను. మూడు మూరల పొడవు, బెత్తెడు వెడల్పు, రెండు కొసలా నల్లటి అంచు. కుర్రకారు కళ్ళకు గంతలు కట్టుకుని ఆడే ఆటలో కొన్నాళ్ళు పనిచేశాను. ఆత్మకథ చెప్పుకునే వస్తువులు మామూలుగా తమ గొప్పతో మొదలుపెడతాయి. నాకు ఆ వీలు లేదు. ఒక మనిషి చేసిన తప్పుగా పుట్టాను. ఇంకో మనిషి ఆడిన అబద్ధానికి అండగా నిలబడ్డాను. మూడో మనిషి ఏ పాపమూ ఎరగకుండా మాట పడుతుంటే ముడుచుకుని పడి ఉన్నాను. గుడ్డకు నోరు లేదు కదా అంటారు. నిజమే. నోరున్నవాళ్ళు ఏం చేశారో కూడా చెబుతాను, వినండి.

చీరాల దగ్గర ఒక నేతపల్లెలో, కోటిలింగం మగ్గం మీద నేను పుట్టాను. కోటిలింగం అంటే ఆ బజారులో పెద్ద పేరు. అతను నేసిన దుప్పట్లో నీళ్ళు పోస్తే కింద చుక్క రాలదని చెప్పుకునేవాళ్ళు. పోసి చూసినవాడు ఒక్కడూ లేడు, అయినా చెప్పుకునేవాళ్ళు. ఒకసారి పేరంటూ వచ్చాక దాన్ని పరీక్షించే ఓపిక ఎవరికీ ఉండదు.

నేను పుట్టేనాటికి ఆయనకు యాభై ఐదు దాటాయి. కుడిభుజం పట్టేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో భార్య సీతారావమ్మకు కూడా చెప్పలేదు. ఒకరోజు ఎర్ర దుప్పటి ఒకటి నేస్తూ ఉండగా భుజంలో కలుక్కుమంది. అడ్డపోగును మోసే నాడా తిరుగుతూనే ఉంది, పేక, అంటే ఆ అడ్డపోగు, పడుతూనే ఉంది, కానీ దాన్ని ఒత్తుగా కొట్టాల్సిన పలక దెబ్బ మాత్రం సరిగా పడలేదు. అలా బెత్తెడు నేశాడు. తరవాత నొప్పి తగ్గింది, చెయ్యి కుదురుకుంది, మిగతా దుప్పటంతా ఎప్పటిలా దిట్టంగా వచ్చింది. మధ్యలో ఆ బెత్తెడు మాత్రం సాలెగూడులా మిగిలింది.

ఊడదీసి మళ్ళీ నేయొచ్చు. కోటిలింగం తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరి చేతా అలాగే ఊడదీయించాడు, కొందరి చేత ఏడిపించి మరీ. తన విషయంలో మాత్రం గంజి కాస్త ఎక్కువ పట్టించాడు. గంజి ఎండాక నేనూ మిగతా దుప్పటిలాగే బిరుసుగా, మందంగా కనిపించాను. అయినా దుప్పట్లు కొనే నేతగాళ్ళ సొసైటీకి ఇవ్వడానికి ధైర్యం చాలలేదు. అక్కడ ప్రతి దుప్పటినీ ఎండకు ఎత్తిపట్టి చూస్తారు.

అప్పుడే సైకిలు షాపు కాశీపతి వచ్చాడు. ఊరి యువజన సంఘానికి అతను కార్యదర్శి. కుర్రాళ్ళు సెల్లుఫోన్లలో తలలు దూర్చి పాడైపోతున్నారనీ, ఆదివారం పూట వాళ్ళను పరిగెత్తించే ఆటలు పెడతాననీ, బ్యాట్లూ బంతులూ కొనే స్తోమత లేదు కాబట్టి పాత గుడ్డలేమైనా ఉంటే ఇవ్వమనీ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. కోటిలింగం లోపలికి వెళ్ళి కొత్త దుప్పటి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. కాశీపతి పొంగిపోయాడు. అందరూ చిరిగిన పంచెలు ఇస్తే ఈయన కొత్త దుప్పటి ఇచ్చాడని ఊరంతా చెప్పాడు. సంఘం గోడ మీద దాతల పేర్లలో కోటిలింగం పేరు అందరికన్నా పైన రాయించాడు. ఆ దానం ఎందుకు జరిగిందో ఇచ్చినవాడికీ నాకూ తెలుసు.

కాశీపతి దుప్పటిని అడ్డంగా బెత్తెడు బెత్తెడు చొప్పున చింపాడు. ఎక్కడ చింపాలో లెక్క చూసుకోలేదు. అయినా ఆ పలచని మేరంతా సరిగ్గా ఒకే ముక్కకు వచ్చింది. ఆ ముక్కే నేను. నా పక్కవాళ్ళంతా మంచి నేత. దుప్పటిలోని తప్పు మొత్తం నా ఒక్కదాని వంతైంది.

ఆటలు మాత్రం బాగుండేవి. అది దాచను. ఊళ్ళో ఖాళీ స్థలం ఒకటే, పడుగుల బజారు. పొద్దున్నే నేతగాళ్ళు అక్కడ పడుగులు చాపుతారు. పడుగంటే నిలువు పోగుల వరస. వంద గజాల పొడవున, నడుము ఎత్తున, వెదురు కర్రల మీద సాగదీసి, నలుగురైదుగురు రెండు పక్కలా నిలబడి గంజి పట్టించి కుంచెలతో దువ్వుతారు. పదింటికల్లా ఎండి, చుట్టేసి తీసుకుపోతారు. ఆ తరవాత బజారు పిల్లలది. అటూ ఇటూ తిరగాలంటే పడుగు కిందనుంచి వంగి దూరడం అక్కడివాళ్ళకు నడక వచ్చిన రోజునుంచీ అలవాటే.

కాశీపతి మాతో ఎన్ని ఆటలు ఆడించాడని! ఒక్కొక్కరూ ఒక గుడ్డను వెనక నడుములో తోకలా దోపుకుని, తమ తోక కాపాడుకుంటూ పక్కవాడి తోక పీకే ఆటలో నేను చాలాసార్లు ఎగిరాను. ఇద్దరి కాళ్ళు కలిపి కట్టి మూడుకాళ్ళ పరుగు పెట్టించినప్పుడు ఇద్దరి చీలమండల మధ్యా నలిగాను. ముడివేసి, గుండ్రంగా కూర్చున్నవాళ్ళ వెనక పడేసిపోతే, అది చూసుకోనివాడి వీపు వాయించాను. ఇరవై దాటిన మగపిల్లలు, పెళ్ళికి ఎదిగిన ఆడపిల్లలు, అందరూ చిన్నపిల్లలైపోయి అరిచేవాళ్ళు. మగ్గాల దగ్గర నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళు కూడా గుమ్మాల్లోకి వచ్చి నవ్వేవాళ్ళు. ఇంత చిన్న గుడ్డముక్క ఇంతమందిని నవ్విస్తోందని నాకు గర్వంగా ఉండేది. గర్వపడే అర్హత నాకు లేదని మరిచిపోయాను.

అన్నిటికన్నా పెద్ద ఆట గంతలాట. ఇద్దరిద్దరు జట్టు. ఒకడి కళ్ళకు గుడ్డ కడతారు. రెండోవాడు గీత దగ్గర నిలబడి, ముట్టుకోకుండా, నోటితోనే దారి చెప్పాలి. ఎక్కడో దూరాన ఒక ముడి తువ్వాలు పెడతారు. ముందు తెచ్చినవాడి జట్టు గెలిచినట్టు. ఐదు జట్లు ఒకేసారి బయలుదేరితే ఐదుగురు ఒక్కసారే కుడి, ఎడమ, ముందుకు అని అరుస్తుంటారు. ఎవడి గొంతు వాడు ఏరుకోవాలి. ఆటంతా అందులోనే ఉంది.

మురహరి అనే కుర్రాడు పాలిటెక్నిక్ చదివేవాడు. నేతగాళ్ళ ఇంటి పిల్లాడే, ఏ ఆటలోనూ ఓడడం చేతకానివాడు. అతనికి జట్టు జోజి. జోజి తాపీపని చేసే మరియదాసు కొడుకు. ఊరి చివర మాలపల్లెనుంచి ఆటలకు వచ్చేవాడు. తండ్రితో పరంజాల మీద పని చేసి, కిందనుంచి పైకి కేకేసి చెప్పడం అలవాటైన గొంతు. ఐదుగురిలో అతని గొంతు విడిగా వినిపించేది. అతనికి మగ్గం మీద మనసు. పొద్దున్నే వచ్చి, ఎవరూ పిలవకపోయినా, పడుగు దువ్వేవాళ్ళ పక్కన నిలబడేవాడు. ఆ బజారులో వేరే కులపువాడి చేతికి కుంచె ఇవ్వడం లేదు. కోటిలింగం ఒకరోజు ఇచ్చాడు. వచ్చే నెల ఖాళీగా ఉన్న రెండో మగ్గం మీద కూర్చోబెడతానని కూడా అన్నాడు. కొందరు గొణిగారు. కోటిలింగం అన్నాక గట్టిగా అనేవాడు లేడు. జోజికి ఆ మాటే సర్వస్వం.

నాలుగైదు ఉతుకులకు నా గంజి వదిలింది. ఆ ఆదివారం మురహరి కళ్ళకు నన్ను కట్టారు. ఎండ ముఖాన పడగానే అతను ఒక్క క్షణం కదలకుండా నిలబడ్డాడు. అతని రెప్పలు నాలో అటూ ఇటూ తిరగడం నాకు తెలిసింది. తరవాత అతను అందరికన్నా ముందు తువ్వాలు తెచ్చాడు. ఆనాటినుంచీ గుడ్డల కుప్పలో చెయ్యిపెట్టి నన్నే ఏరుకునేవాడు. నేను అతనికి కలిసొచ్చిన గుడ్డనని అందరితో చెప్పేవాడు. నిజం చెప్పొద్దూ, నేను మురిసిపోయాను. ఇన్నిటిలో నన్నే కోరుకుంటున్నాడని. ఎందుకు కోరుకుంటున్నాడో తెలిసి కూడా మురిసిపోయాను. నా సిగ్గుల్లో ఇది పెద్దది.

నేత ఊరు. ఎవరైనా నన్ను ఒక్కసారి వెలుతురుకు ఎత్తి చూస్తే తెలిసిపోయేది. అక్కడ పాలుతాగే పిల్లకు తప్ప అందరికీ గుడ్డ చూడడం వచ్చు. కానీ నేను కోటిలింగం నేసిన గుడ్డను. కోటిలింగం నేతను ఎత్తి చూసేదేమిటి?

అలా ఉండగా ఒక ఆదివారం పొద్దుటినుంచీ మబ్బు. అందరి పడుగులూ ఎలాగో ఆరాయి, కోటిలింగం పడుగు ఆరలేదు. పదిన్నరైనా చాపే ఉంది. కాశీపతి ఆట మానేద్దామన్నాడు. కోటిలింగం పెద్దమనిషి కదా, పిల్లలు ఎదురు చూస్తున్నారు, ఆడుకోనివ్వండి, నేను ఇక్కడే కూర్చుంటాను అన్నాడు. పడుగు పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. ముడి తువ్వాలు పడుగుకు అవతల, బజారు ఆ చివర పెట్టారు. పడుగును చుట్టి, ఎడమనుంచి పోవాలని అందరికీ చెప్పారు.

కాశీపతి ఈల వేశాడు. సగం దూరం పోయేసరికి మబ్బు విడి ఎండ కాసింది. పడుగుకు అదే కావాలి. నాకూ అదే చాలు. మురహరి కళ్ళముందు నేను తెరలా తేలిపోయాను. అతనికి ఎదురుగా ముడి తువ్వాలు కనిపించింది. జోజి ఎడమ, ఎడమ అని అరుస్తున్నాడు. చుట్టూ తిరిగిపోతే పక్క జట్టువాడు ముందు చేరతాడు. మురహరి నేరుగా పడుగు మీదికే పరిగెత్తాడు. జోజి గొంతు మారింది. ఆగు, ఆగు అంటున్నాడు. మురహరి ఆగలేదు. పడుగు దగ్గరికి రాగానే చిన్నప్పటినుంచీ వంగినట్టే వంగాడు.

కళ్ళకు గంతలున్నవాడు పడుగు ముందు వంగాడు. సరిగ్గా నడుము ఎత్తుకు.

నాలోనుంచి ముందున్నది కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. అతని భుజం వెదురు కర్రకు తగిలింది. ఒక కర్ర పడితే పక్కది పడింది, దాని వెనక ఇంకోటి. తడి పడుగు గంజినీళ్ళ బురదలో కూలింది. అతను అందులో చిక్కుకుని లేవబోయాడు, పోగులు పటపటా తెగాయి. లేచేసరికి సగం పడుగు అతని ఒంటికి చుట్టుకుని ఉంది.

ఆటగాళ్ళంతా గంతలు పీకేసుకుని చుట్టూ మూగారు. మురహరి నన్ను లాగి కింద పడేశాడు. ముఖం పాలిపోయి ఉంది. జోజి వైపు వేలు చూపి, “వాడే ఇటు రమ్మన్నాడు. నాకేం కనపడుద్ది?” అన్నాడు.

అందరూ జోజి వైపు తిరిగారు. అతను ఎడమ అన్నానన్నాడు, ఆగమని అరిచానన్నాడు. అంత గోలలో ఎవరు ఏం అరిచారో ఎవరికి తెలుసు? అయినా సాక్ష్యం ఎవరికి కావాలి? మన పని తెలియనివాడికి పడుగు విలువ ఏం తెలుస్తుంది అని ఒకాయన అన్నాడు. కుంచె చేతికిచ్చినప్పుడే అనుకున్నాం అని ఇంకొకాయన. జోజి వాళ్ళెవరినీ చూడలేదు. కోటిలింగం ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

కోటిలింగం నన్ను చూస్తున్నాడు. బురదలో పడి ఉన్న నన్ను వంగి తీశాడు. నా ఒంటి మీద వేలు ఒక్కసారి నడిపాడు. కన్నబిడ్డను తడిమినట్టేమీ లేదు, దొంగసొత్తును తడిమినట్టుంది. మురహరి వంగడం చూసిన మనిషి కోటిలింగమే. ఎలా వంగగలిగాడో తెలిసిన మనిషీ ఆయనే. ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే, ఈ గుడ్డ పలచనిది అనాలి. అది నేను నేసిందే అనాలి. భుజం పోయిందనాలి. గోడ మీది దానం దానం కాదనాలి.

ఆయన నన్ను పంచె మడతలో దోపుకుని, పోయిందేదో పోయింది, ఇళ్ళకు పొండి అన్నాడు. జనం ఆయన మంచితనాన్ని మెచ్చుకుంటూ పోయారు. జోజి చివరిదాకా నిలబడి, తరవాత వెళ్ళాడు.

పది రోజులు నేను మగ్గం గుంటలో, ఆయన కాళ్ళ కింద ఉన్నాను. పైన ఆయన, సీతారావమ్మ తెగిన పోగులు ఒక్కొక్కటే అతుకుతూ కూర్చునేవాళ్ళు. వచ్చేపోయేవాళ్ళు కబుర్లు చెప్పేవాళ్ళు. జోజి మూడోరోజు పడుగుల దగ్గరికి వస్తే, నీ చెయ్యి పడితే అరిష్టం, పో అన్నారట. సంఘంలో అతని పేరు కొట్టేశారట. మరియదాసును పనికి పిలిచిన ఇంట్లో కూడా, మీవాడేనా పడుగు పాడుచేసింది అని అడిగారట. మురహరి కాలేజీకి పోతున్నాడట. ఈ కబుర్లన్నిటికీ కోటిలింగం ఊ కొట్టేవాడు. ఆయన పాదం మాత్రం నా మీద కుదురుగా ఆనేది కాదు.

పదకొండో రోజు సీతారావమ్మ గుంట ఊడుస్తూ నన్ను బయటికి తీసింది. బురద దులిపి, ఆ బజారు ఆడదే కదా, అలవాటుగా వాకిట్లో వెలుతురుకు ఎత్తిపట్టింది. చాలాసేపు అలాగే పట్టుకుంది. తరవాత వచ్చి మగ్గం కర్రకు నన్ను తగిలించింది. కోటిలింగం తల ఎత్తలేదు.

“నీ భుజం సంగతి నాకు ఆర్నెల్ల నుంచీ తెలుసు,” అందామె. “అడిగితే నువ్వు సిగ్గుపడతావని ఊరుకున్నా. ఇయ్యాల నాకు సిగ్గేస్తంది.”

ఆయన ఏదో అనబోయాడు. ఆమె వినడానికి నిలబడలేదు. ఆ రోజు నాడా చప్పుడు వినిపించలేదు.

మర్నాడు పొద్దున్నే కోటిలింగం మాలపల్లె వెళ్ళాడు. ఎప్పుడూ వెళ్ళని మనిషి. ఏం చెప్పి పిలిచాడో నాకు తెలియదు, నేను ఆయన చేతిలో నలుగుతున్నాను, నాకు మాటలు వినిపించలేదు. జోజి వెంట వచ్చాడు గానీ పడుగుల బజారు మొదట్లోనే ఆగిపోయాడు. లోపలికి రానన్నాడు. తాపీపనికి పోయే బట్టల్లో ఉన్నాడు.

బజారులో మూడు పడుగులు చాపి ఉన్నాయి, అడ్డంగా దాటాలంటే మూడింటి కిందా దూరాలి. పాతిక మంది దాకా ఉన్నారు. కాలేజీ సెలవు కాబట్టి మురహరి కూడా వాళ్ళ నాన్న పడుగు దగ్గర కుంచె పట్టుకుని ఉన్నాడు. కాశీపతి సైకిలు ఆపి చూస్తున్నాడు. కోటిలింగం బజారు ఆ కొసకు వెళ్ళాడు. ఎవరూ అరవొద్దు, ఎవరూ దారి చెప్పొద్దు అని, నన్ను కళ్ళకు కట్టుకున్నాడు. చెయ్యి పైకెత్తడానికి కష్టపడ్డాడు. ముడి వేయడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. అందరూ అది చూశారు.

ఎండ ఎదురుగా ఉంది. ఆయన నడిచాడు. మొదటి పడుగు దగ్గర వంగి దూరాడు. పోగు కదలలేదు. రెండోది దూరాడు. కుంచెలు ఆగిపోయాయి. మూడో పడుగు పట్టుకున్నవాళ్ళు ఆయనకు దారి ఇవ్వబోతే, చేత్తో వద్దని సైగ చేశాడు, అంటే వాళ్ళు కదలడం ఆయనకు కనిపించినట్టే. అదీ దూరాడు. నేరుగా వచ్చి జోజికి మూర దూరంలో ఆగాడు. ఆ కళ్ళు నాలోనుంచి ఆ పిల్లవాడి ముఖాన్ని చూడడం, చూడలేకపోవడం రెండూ నాకు తెలిశాయి. నా పలచదనం ఇంత కాలంలో ఒక్కసారైనా మంచిపనికి వచ్చిందని చెప్పుకోవచ్చు. నాకు అలా అనిపించలేదు. పాతిక మంది ముందు బట్టలిప్పి నిలబెట్టినట్టు అనిపించింది.

గంతలు విప్పాడు.

“ఈ గుడ్డ నేను నేసిందే. చెయ్యి ఆడక పలచగా నేశా. దీన్నుంచి అంతా కనపడుద్ది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు.”

కాశీపతి మురహరి దగ్గరికి వెళ్ళి, నీకు కనిపించిందా అని మెల్లగా అడిగాడు. మురహరి కుంచెలో ఇరుక్కున్న పోగుముక్కలు ఏరుతూ, “ముడి కనపడింది. కర్ర కనపడలా,” అన్నాడు. వాళ్ళ నాన్న అతని చేతిలోంచి కుంచె తీసేసుకున్నాడు.

కోటిలింగం జోజితో, రేపటినుంచి మగ్గం మీదికి రమ్మన్నాడు. రెండో మగ్గం కాదు, తన మగ్గమే ఇస్తానన్నాడు. పని తన నోటితో చెబుతాను, నీ చేత్తో నేయి అన్నాడు. అరిష్టం అన్నవాళ్ళలో ఒకాయన వచ్చి, పోనీలే అబ్బాయ్, తెలియక అన్నాం అన్నాడు. మనుషులకు ఇది బాగా వచ్చు. తప్పు ఎంత మంది చేస్తే ‘తెలియక’ అనే మాట అంత తేలిగ్గా దొరుకుతుంది.

జోజి వాళ్ళను చూడలేదు. ఆ రోజులాగే కోటిలింగాన్నే చూస్తున్నాడు.

“నేను ఆగమని అరిచా పెద్దయ్యా. మీరు పక్కనే కూర్చోనున్నారు. మీకు వినపళ్ళేదా?”

కోటిలింగానికి అప్పుడు కూడా ఒక అబద్ధం దగ్గర్లోనే ఉంది. ఐదుగురు అరుస్తుంటే వినపడలేదంటే ఎవరైనా నమ్ముతారు. ఆయన పెదవులు కదిలాయి.

“వినపడింది,” అన్నాడు.

జోజి తల ఊపాడు. కోపంగా కాదు, తెలుసుకోవలసింది తెలుసుకున్నట్టు. తరవాత చెయ్యి చాచి, ఆ గుడ్డ ఇవ్వండి అన్నాడు. కోటిలింగం ఇచ్చాడు. చించేస్తాడనుకున్నాను. చించితే బాగుండేది. వాళ్ళ నాన్నకు చూపించడానికి తీసుకున్నాడట. మరియదాసు నన్ను వెలుతురుకు పట్టి చూడలేదు, అతనికి ఆ అలవాటు లేదు. కొడుకు చెప్పింది విని, మంచిది అని, సిమెంటు కలపడానికి వెళ్ళాడు.

కోటిలింగం తరవాత రెండుసార్లు కబురు పెట్టాడు. మూడోసారి తనే వచ్చి, కడుతున్న గోడ పక్కన కాసేపు నిలబడి వెళ్ళాడు. జోజి మర్యాదగా కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. మగ్గం మాట రానివ్వలేదు.

ఇప్పుడు నేను జోజి నెత్తి మీద ఉంటాను. చుట్టగా చుట్టి పెట్టుకుంటాడు, పైన ఎనిమిదో పదో ఇటుకలు. ఇటుకలకు మందం గుడ్డా పలచని గుడ్డా ఒకటే, ఏదీ దాచనక్కర్లేదు, దేనికీ అడ్డం నిలబడనక్కర్లేదు. బరువు మోస్తే సిగ్గు తగ్గుతుందని అనుకున్నాను. తగ్గలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ అతను నన్ను విప్పి మెడ తుడుచుకుంటాడు. నెత్తిన నిప్పులు చెరిగే ఎండ. అప్పుడు ఒక్కసారి నన్ను ఎత్తిపట్టి చూస్తే, చూసి ఒక తిట్టు తిడితే, నాకు కాస్త తేలికవుతుంది. అతను చూడడు. చెమట తుడుచుకుని, మళ్ళీ చుట్ట చుట్టి, తల మీద పెట్టుకుని నిచ్చెన ఎక్కుతాడు.